శాతం కింద ఏముంది?

పంచాయతీ కార్యదర్శి ఉద్యోగంలో పనులు రెండు. ఊరి పని ఒకటి, ఊరి పని గురించి పైకి చెప్పే లెక్క మరొకటి. చెత్త బండి వీధులన్నీ తిరగడం మొదటిది. తిరిగిందని ఫొటో తీసి యాప్‌లో ఎక్కించి, అదే ఫొటో మండలం వాట్సాప్ గ్రూపులో పెట్టి, సాయంత్రం టెలికాన్ఫరెన్సులో మళ్లీ నోటితో చెప్పడం రెండోది. కొత్తగా చేరినవాళ్లు మొదటి పని వస్తే చాలనుకుంటారు. ఏడాది తిరిగేసరికి రెండోది కూడా రావాలని తెలిసొస్తుంది. ఇంకొన్నేళ్లకు కొందరికి రెండోదే అసలు ఉద్యోగం అనిపించడం మొదలవుతుంది. ఆ దశకు చేరకుండానే పనితీరు మదింపులో నెగ్గుకు రావడం ఎలాగన్నదే ఇక్కడ విషయం. కార్యదర్శులకే కాదు, వాళ్ల మీద సమీక్ష చేసే మండల పంచాయతీ అధికారులకూ (ఎంపీవో) మండల పరిషత్ అభివృద్ధి అధికారులకూ (ఎంపీడీవో) ఇందులో పనికొచ్చేది కొంత ఉంది.

లెక్కలను తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి. తెలంగాణలో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు 2018లో నోటిఫికేషన్ ఇచ్చారు. ఎంపికైనవాళ్లు 2019 ఏప్రిల్‌లో ఊళ్లలో చేరారు. ప్రొబేషన్ మూడేళ్లన్నారు, తరవాత నాలుగేళ్లకు పెంచారు. 2023లో సమ్మె దాకా వెళ్లాక, జిల్లాల్లో కమిటీలు వేసి ఒక్కొక్కరి పనితీరునూ పరిశీలించి క్రమబద్ధీకరించాలని ప్రభుత్వం నిర్ణయించింది. పారిశుద్ధ్యం, మొక్కలు, పన్నులు వంటి వాటి మీద నాలుగేళ్లుగా పోగుపడిన అంకెలే ఒక మనిషి ఉద్యోగం పర్మనెంటు అవుతుందా లేదా అన్నదానికి ఆధారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఒకే కప్పు కింద పలువురు ఉద్యోగులు కూర్చుంటున్నారు. తలా ఒక యాప్, ఒక డ్యాష్‌బోర్డు, ఒక ర్యాంకు. అంకె సరిగా చెప్పడం రాకపోతే పని చేసినవాడే నష్టపోతాడు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మిమ్మల్ని ఎవరు శాతం అడిగినా, గీత కింద ఉన్న అంకె ఏదో ముందు తేల్చుకోండి. రాసిపెట్టుకోండి. అడగకపోయినా దాన్ని కూడా కలిపి చెప్పండి. పై అంకె మీద అందరి కళ్లూ ఉంటాయి, దాన్ని అబద్ధం చెబితే ఏదో ఒక రోజు దొరికిపోతుంది. కింది అంకెను ఎవరూ పట్టించుకోరు. అందుకే మన లెక్కల్లో తప్పులన్నీ అక్కడే దాక్కుంటాయి. కొన్ని తెలియక, కొన్ని తెలిసి.

ఇంటి పన్ను తీసుకోండి. డీసీబీ అంటే డిమాండు, వసూలు, బకాయి. మార్చి వచ్చిందంటే మండలంలో ఇదే జపం. ఒక ఊళ్లో 800 ఇళ్లున్నాయి, ఏడాది డిమాండు 4 లక్షలు అనుకుందాం. కార్యదర్శి కష్టపడి 3 లక్షల 80 వేలు వసూలు చేశాడు. 95 శాతం, శభాష్ అంటారు. ఇప్పుడు పక్క ఊళ్లోనూ అంతే డిమాండు, అంతే వసూలు. అయితే అక్కడి కార్యదర్శి ఏడాది మొదట్లోనే వీధి వీధి తిరిగి, రికార్డులో లేని కొత్త స్లాబు ఇళ్లు 120 పట్టుకుంది. కొలతలు తీసి, నోటీసులిచ్చి, మదింపు చేయించి డిమాండులోకి తెచ్చింది. దాంతో ఇంకో లక్షా 20 వేలు చేరి డిమాండు 5 లక్షల 20 వేలయింది. కొత్తవాళ్లెవరూ మొదటి ఏడాది కట్టలేదు. వసూలు 3 లక్షల 80 వేలే. శాతం 73. మండల పట్టికలో ఆమె పేరు ఎర్ర రంగులో పడుతుంది. అసలు పని చేసినామె ఎర్రగా, ఇంటి నంబర్ల రిజిస్టరు తెరిచి చూడనాయన పచ్చగా కనిపిస్తారు. ఇదేమీ ఊహాలోకపు ఉదాహరణ కాదు, ఏ మండలంలోనైనా మార్చి నెలాఖరున పట్టిక తీసి చూడండి.

ఆమె స్థానంలో మీరుంటే చేయాల్సిన పని తేలికే, సమయానికి చేయాలంతే. డీసీబీని ఒకే వరుసలో ఇవ్వకండి. మూడు వరుసలు చేయండి. పాత బకాయి మీద ఎంత వచ్చింది, నిరుడు కూడా ఉన్న ఇళ్ల మీద ఈ ఏటి డిమాండులో ఎంత వచ్చింది, కొత్తగా చేర్చిన ఇళ్ల మీద ఎంత వచ్చింది. యాప్ ఒకే అంకె అడుగుతుంది, దానికి ఒకటే ఇవ్వండి. కానీ ఈ మూడు వరుసల కాగితం సమీక్షకు వారం ముందే ఎంపీవో బల్ల మీద ఉండాలి, దాని మీద అందినట్టు సంతకం మీ దగ్గర ఉండాలి. సమావేశంలో లేచి నిలబడి చెప్పేది సంజాయిషీ అవుతుంది. ముందే ఇచ్చింది సమాచారం అవుతుంది. మాటలు అవే, విలువ వేరు.

బకాయి సంగతి కూడా అంతే. పదేళ్ల కిందటి బకాయినీ నిరుటి బకాయినీ కలిపి మోస్తూ పోతే ఏ కార్యదర్శీ ఎప్పటికీ నెగ్గడు. బకాయిదారుల జాబితాను వయసు వారీగా విడదీయండి. ఎదురుగా కారణం రాయండి: యజమాని చనిపోయి వారసులు తేలలేదు, ఇల్లు కూలిపోయింది, కోర్టులో ఉంది, ఒకే ఇంటికి రెండు నంబర్లు పడ్డాయి, ముంబై వలసపోయి తాళం ఉంది, ఉన్నాడు కానీ కట్టడు. ఈ చివరి రకం మీదే మీ బలం పెట్టాలి. కూలిపోయిన ఇల్లూ రెండు నంబర్ల ఇల్లూ వసూలు సమస్యలు కావు, రికార్డు సమస్యలు. వాటిని తీర్మానం పెట్టించి, పైఅధికారి అనుమతితో నిబంధన ప్రకారం సరిచేయించాలి. సొంతంగా కొట్టేస్తే ఆడిట్‌లో మీ మెడకే చుట్టుకుంటుంది. వలసపోయినవాళ్లు పండక్కి వస్తారు. పాలమూరు తండాల్లో వసూలు తెలిసినవాళ్లు రశీదు పుస్తకం మార్చిలో కాదు, దసరాకి, సంక్రాంతికి తీస్తారు.

తండాలంటే మరో మాట. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు తెలంగాణలో తండాలూ గూడేలూ ఎన్నో కొత్త పంచాయతీలయ్యాయి. తొంభై ఇళ్ల తండాలో మూడిళ్లకు తాళం పడితే శాతం మూడు పైగా పడిపోతుంది. రెండు వేల ఇళ్ల ఊళ్లో మూడిళ్లు కట్టకపోతే అసలు కనపడదు. రెండింటినీ ఒకే పట్టికలో పై నుంచి కిందికి పేర్చి, చివరి అయిదుగురినీ నిలబెట్టి అడిగే అధికారి తాను పనితీరు కొలుస్తున్నాననుకుంటాడు. ఆయన కొలుస్తున్నది ఊరి సైజు. చిన్న పంచాయతీలవాళ్లు అందుకే శాతంతో పాటు ఇళ్ల సంఖ్య కూడా చెప్పడం అలవాటు చేసుకోవాలి. 'తొంభైలో ఎనభై ఒకటి కట్టారు సార్, ఆరు తాళాలు, మూడు వివాదం' అంటే తొంభై శాతం అన్న మాట కంటే ఎంతో బాగా తెలుస్తుంది, పైగా ఎదుటివాళ్లు తరవాతి ప్రశ్న వేయలేరు.

మొక్కల దగ్గర కింది అంకె ఇంకా జారుడుగా ఉంటుంది. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికించే బాధ్యతను తెలంగాణ 2018 చట్టం సర్పంచి మీదా కార్యదర్శి మీదా పెట్టింది. చట్టంలో అంకె పడ్డాక అందరూ 85 దాటుతారు, దాటక చస్తారా! చచ్చిన మొక్క స్థానంలో కొత్తది పెడితే గుంతలో మొక్క ఉన్నట్టే. ఎన్నిసార్లు పెట్టినా లెక్కలో మాత్రం ఒకటే. అలా తిరిగి నాటడం తప్పు కాదు, తప్పనిసరి కూడా. కానీ ఏ గుంతలో ఏ ఏడాది మొక్క ఉందో రాసుకోకపోతే, ఆ దారి పొడుగునా ఏ జాతి బతుకుతోందో, ట్యాంకరు ఎక్కడిదాకా పోతోందో మీకే తెలియదు. ఆగస్టులో లెక్కపెట్టిన మొక్కలన్నీ బతికినవే. మే నెల మూడో వారంలో లెక్కపెట్టండి. ఆ లెక్క మీ కోసం. అది చూసుకుంటే వచ్చే వానాకాలం ఏం నాటాలో తెలుస్తుంది.

ఇంటింటికీ పంచిన మొక్కల లెక్క మరీ గాలివాటం. పంచిన రిజిస్టరులో సంతకాలుంటాయి, మొక్కలు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. నాలుగొందల ఇళ్లూ తిరగనక్కర్లేదు. ఒకటి నుంచి పది దాకా చీటీలు రాసి, వార్డు మెంబరు చేతనో బడిపిల్లల చేతనో ఒకటి తీయించండి. ఏడు వచ్చిందనుకోండి. ఏడో ఇల్లు, పదిహేడో ఇల్లు, ఇరవై ఏడో ఇల్లు, అలా పోతే నలభై ఇళ్లు. రెండు సాయంత్రాల పని. ఇక్కడ షరతు ఒకటే: తాళం ఉందని, కుక్క ఉందని, వాళ్లు మన పార్టీ కాదని పక్కింటికి పోకూడదు. తాళమున్న ఇంటికి మళ్లీ వెళ్లాలి. ఆఫీసు చుట్టుపక్కల వీధి ఎప్పుడూ బాగుంటుంది, మనకు తెలియాల్సింది ఊరి చివర. ఈ పద్ధతి మొక్కలకే కాదు, మరుగుదొడ్డి వాడుతున్నారా, తడి చెత్త పొడి చెత్త వేరు చేస్తున్నారా, పింఛను సరిగా అందిందా అన్నవాటికీ పనికొస్తుంది. నలభై ఇళ్లు సరిగా చూసిన లెక్క, నాలుగొందల ఇళ్లు కూర్చున్నచోట నింపిన లెక్క కంటే నమ్మదగింది.

నీళ్ల విషయంలో కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఊళ్లో మీ పేరు నిలబడేదీ పోయేదీ ఇక్కడే. పైవాళ్లు అడిగేది కనెక్షన్లు: ఎన్ని ఇళ్లకు కుళాయి ఉంది? నూటికి నూరు అని ఎప్పుడో చెప్పేశాం. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మాత్రం కుళాయి కాదు, మనిషికి రోజుకు 55 లీటర్లు. అది తెలుసుకోవడానికి మీటర్లేం అక్కర్లేదు. పైపులైను చివర ఉన్న నల్లా దగ్గరికి నీళ్లు వదిలే వేళకు వెళ్లండి. ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి గడియారం చూడండి. నాలుగు నిమిషాలకు నిండితే నిమిషానికి అయిదు లీటర్లు. నీళ్లు ముప్పావుగంట వస్తాయనుకుంటే 225 లీటర్లు. ఇంట్లో అయిదుగురుంటే తలా 45. ప్రమాణానికి పది లీటర్లు తక్కువ. ఇదే కొలత ట్యాంకు పక్కనున్న ఇంట్లో తీస్తే తలా నూరు దాటొచ్చు. రెండూ కలిపి సగటు తీస్తే ఊరంతా సుభిక్షం. సగటు చెప్పకండి. చివరి నల్లా అంకె చెప్పండి. వాల్వు తిప్పే క్రమం మార్చాలా, ఆ వీధికి వేరే గంట ఇవ్వాలా, మోటార్లు పెట్టి లాగేవాళ్లను ఆపాలా అన్నది ఆ అంకె నుంచే వస్తుంది.

క్లోరినేషన్ కూడా ఇంతే. ట్యాంకులో బ్లీచింగ్ వేసినట్టు రిజిస్టరులో రోజూ టిక్కు పడుతుంది. చూడాల్సింది చివరి కుళాయిలో మిగిలిన క్లోరిన్. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. క్లోరోస్కోపు మీ ఆఫీసు బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది. దాని మందు గడువు తీరిపోయిందేమో చూసి తెప్పించుకోండి. వారానికి రెండుసార్లు పరీక్షించి తేదీ, ఇంటి నంబరు, రంగు రాసే పుస్తకం పెట్టండి. ఊళ్లో వాంతులు, విరేచనాలు వచ్చిన రోజు వైద్యాధికారి, జిల్లా పంచాయతీ అధికారి, విలేకరి ముగ్గురూ ఒకేసారి దిగుతారు. ఆ రోజు టిక్కుల పుస్తకం ఎవరికీ అక్కరకు రాదు, ఈ పుస్తకం వస్తుంది.

ఇప్పుడు ఫొటోల సంగతి. తేదీ, స్థలం ముద్రపడిన ఫొటో ఉంటే ఇక తిరుగులేదని మన వ్యవస్థ నమ్మింది. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును రోజుకు రెండు ఫొటోలతో నమోదు చేసే యాప్ పెట్టారు. చివరికి 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు సర్క్యులర్ రాయాల్సి వచ్చింది: పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారు, ఫొటోలో ఉన్నవాళ్లకూ హాజరు జాబితాకూ పొంతన లేదు, చూసుకోండి అని. ఫొటో చెప్పేది ఒక క్షణాన అక్కడ ఎవరో నిలబడ్డారని మాత్రమే. మురిక్కాలువ ఈ వారం తీశారా అన్నదానికి ఒక ఫొటో సాక్ష్యం కాదు, రెండు కావాలి. తీయకముందు ఒకటి, తీశాక అదే కరెంటు స్తంభం కనిపించేలా అదే వైపు నుంచి ఇంకోటి. ఎలాగూ తీస్తున్నాం కదా, పనికొచ్చేలా తీస్తే పోయేదేముంది.

ఊరినంతా కలిపి ఒకే అంకెలో కొలిచే ప్రయత్నం కూడా వచ్చింది. పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్, అందరూ పీఏఐ అంటున్నారు. పేదరికం లేని ఊరు, ఆరోగ్యవంతమైన ఊరు, నీళ్లు చాలినన్ని ఉన్న ఊరు, ఆడవాళ్లకు అనుకూలమైన ఊరు, ఇలా తొమ్మిది ఇతివృత్తాలు. 2022-23 సంవత్సరానికి తొలి ఫలితాలను 2025 ఏప్రిల్‌లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ విడుదల చేసింది. దేశంలో 2,16,285 పంచాయతీల వివరాలను లెక్కలోకి తీసుకున్నారు. 90 మార్కులు దాటిన 'అచీవర్' ఒక్కటీ లేదు. 75 దాటిన 'ఫ్రంట్ రన్నర్'లు 699. అందులో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. చాలా ఊళ్లు, 1,32,392, నలభైకీ అరవైకీ మధ్య ఉన్నాయి. తొలిసారి 435 సూచికలు పెట్టారు. రెండో విడతకు వాటిని 147కి తగ్గించారు. తగ్గించడం తెలివైన పని, ఎందుకంటే 435 అంకెలు నింపే కార్యదర్శికి వాటిలో ఒక్కదాన్నీ చూసి ఆలోచించే తీరిక ఉండదు.

మీ ఊరి పీఏఐ స్కోరు చూసి పొంగిపోనూ వద్దు, కుంగిపోనూ వద్దు. అందులో సగానికి పైగా అంకెలు మీవి కావు. రక్తహీనత లెక్క ఏఎన్ఎమ్‌ది, పిల్లల బరువు అంగన్‌వాడీ టీచరుది, బడి మానేసినవాళ్ల లెక్క హెడ్‌మాస్టరుది. పంట, భూసారం వ్యవసాయ శాఖ వాళ్లవి. పోర్టల్‌లో కనిపించేది మాత్రం పంచాయతీ పేరు. కాబట్టి ఎవరి అంకె వాళ్ల సంతకంతో తీసుకోండి. 'ఫోన్లో చెప్పారు, ఎక్కించాను' అన్నది రేపు నిలబడదు. ఆ కాగితాలన్నీ ఒక ఫైలు చేయండి. రెండు కాగితాల మధ్య జనాభా అంకె కలవకపోతే ఎక్కించకముందే పట్టుకోండి. ఇళ్ల సంఖ్య ఏఎన్ఎమ్ దగ్గర ఒకటి, అంగన్‌వాడీ దగ్గర ఒకటి, మీ డిమాండు రిజిస్టరులో ఇంకొకటి ఉండడం మామూలే. మూడింటిలో ఏది ఎందుకు తేడానో ఒక పేజీ రాసి పెట్టుకున్నవాళ్లకు ఆ ఏడాదంతా శాతాల బాధ సగం తగ్గుతుంది.

తరవాత ఆ జాబితాలోంచి మీ చేతిలో ఉన్నవి రెండో మూడో ఎంచుకోండి. ఆర్థిక సంఘం గ్రామాలకిచ్చే నిధుల్లో పెద్ద భాగం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టుబడినవి కాబట్టి వాటికి సంబంధించిన సూచిక ఒకటి తప్పకుండా ఉండాలి, దాన్ని మార్చడానికి మీ దగ్గర డబ్బుంటుంది కనుక. రెండోది డబ్బు ఖర్చు లేనిదైతే మంచిది. నేనైతే జనన, మరణ నమోదు అంటాను. ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేస్తే రుసుము లేదు, ఆలస్యమైతే జనం తిరిగే తిరుగుళ్లు మీకు తెలుసు. ఇక్కడా కింది అంకె ముఖ్యం. 'వచ్చిన దరఖాస్తులన్నీ పూర్తి, పెండింగు సున్నా' అన్నది లెక్క కాదు. ఊళ్లో ఎంతమంది చనిపోయారో వార్డు మెంబర్లనూ ఆశా కార్యకర్తనూ పింఛన్లిచ్చేవారినీ అడిగి రాసుకోండి. వాళ్లలో ఎందరివి ఇరవై ఒక్క రోజుల్లో నమోదయ్యాయన్నది లెక్క. పింఛను, భూమి మార్పిడి, బీమా అన్నీ ఆ కాగితం మీద ఆధారపడిన కుటుంబాలివి.

ఫలితం పక్కన మీకు అందిన వనరు కూడా రాయండి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర నిధులు ఆగాయి. ఆ కాలంలో ట్రాక్టరుకు డీజిలు అప్పు తెచ్చి పోయించిన కార్యదర్శులున్నారు. ఆ సంగతి ఏ డ్యాష్‌బోర్డులోనూ లేదు. నిధులు ఏ నెల వచ్చాయి, ఏ నెల రాలేదు, ట్రాక్టరు ఎన్ని రోజులు షెడ్డులో పడింది, ఇంకో పంచాయతీ ఇన్‌ఛార్జి బాధ్యత మీ మీద ఎన్నాళ్లుంది. ఇవి నెలకో వరుస చొప్పున రాస్తే ఏడాదికి పన్నెండు వరుసలు. ఇది ఫిర్యాదు చేయడానికి కాదు. రెండేళ్ల తరవాత ఎవరైనా 'ఆ ఏడాది పారిశుద్ధ్యం ఎందుకు పడిపోయింది' అంటే మీకే గుర్తుండదు.

మీ కింద పనిచేసేవాళ్లనూ ఇదే న్యాయంతో చూడాలి. మల్టీపర్పస్ వర్కర్లకైనా, ఆంధ్రలో గ్రీన్ అంబాసిడర్లకైనా జీతం నెలల తరబడి ఆగడం కొత్త కాదు. జీతం రాని నెలలో 'పొద్దున ఆరింటికి ఎందుకు రాలేదు' అని గ్రూపులో పేరు పెట్టి అడగడం పనితీరు నిర్వహణ కాదు. వీధుల వారీగా పుస్తకం పెట్టండి, మనుషుల వారీగా కాదు. ఏ వీధి వారానికి ఎన్నిసార్లు ఊడిచారన్నది తెలిస్తే, ఎవరి మీద భారం ఎక్కువుందో, ఏ వీధిని అందరూ తప్పించుకుంటున్నారో అదే చెబుతుంది. తరచుగా ఆ తప్పించుకునే వీధి ఏ వాడలో ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. ఊరి మొత్తానికి 90 శాతం పారిశుద్ధ్యం అని రాసినప్పుడు ఆ మిగిలిన పది ఎప్పుడూ ఒకే వాడ అయితే, అది చెడ్డ లెక్క కాదు, అన్యాయం.

సమీక్షా సమావేశాల గురించి. తెలియని అంకె అప్పటికప్పుడు చెప్పకండి. 'సాయంత్రం నాలుగింటికి రిజిస్టరు చూసి పంపుతాను సార్' అంటే ఒక్క మాట పడాలి, అంతే. నోటికొచ్చిన అంకె చెబితే అది మినిట్స్‌లోకి ఎక్కుతుంది, దాన్ని నిజం చేయడానికి తరవాత మూడు నెలలు అబద్ధాలు రాయాలి. పై స్థానంలో కూర్చున్నవాళ్లకు నాదొక విన్నపం. చివరి అయిదుగురిని నిలబెట్టే బదులు, నిరుటి కంటే బాగా పెరిగిన ఇద్దరిని ఎలా చేశారో అడగండి. హఠాత్తుగా 60 నుంచి 98కి ఎగబాకిన ఊరికి మెచ్చుకోలు ప్రకటించకముందు ఒకసారి వెళ్లి చివరి వీధి చూసి రండి. మీరు ఏ అంకెకు కోప్పడతారో ఆ అంకె నెల తిరక్కుండా బాగుపడుతుంది. ఊరు బాగుపడిందా అన్నది వేరే సంగతి.

అంకెలను తిరిగి జనం ముందు పెట్టడం మనవాళ్లకు తెలియని విద్యేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీ దేశానికే దారి చూపింది. 2009లో దాని కోసం ప్రత్యేకంగా స్వతంత్ర సొసైటీ పెట్టారు. ఎవరి పేరున ఎన్ని రోజులు పడ్డాయి, ఎంత డబ్బు వచ్చిందని ఇంటింటా అడిగి, గ్రామసభలో చదివి వినిపించేవాళ్లు. ఆ తనిఖీలో బలమంతా ఎక్కడుందంటే, శాతాలు చదవలేదు, పేర్లు చదివారు. మీ గ్రామసభలో 'తాగునీరు 96 శాతం' అని చదివితే అందరూ తలూపుతారు. 'ఆరో వార్డులో చివరి ఎనిమిదిళ్లకు రోజుకు అరగంటే వస్తోంది, ఇవీ ఆ ఇళ్లు' అని చదవండి, సభ నిద్ర లేస్తుంది. కొంత గొడవ కూడా అవుతుంది. ఆ గొడవ మినిట్స్‌లో రాయండి. పనికి డబ్బు అడిగేటప్పుడు అంతకంటే మంచి ఆధారం లేదు.

ఇక మీ సొంత రక్షణ. బదిలీ అయి ఏడాది మధ్యలో కొత్త ఊరికి వెళితే, చేరిన వారంలోపే ఆ రోజుకున్న స్థితి రాసి పైకి పంపండి: డిమాండు ఎంత, బకాయి ఎంత, బతికున్న మొక్కలెన్ని, పనిచేయని బోర్లెన్ని, పెండింగు ఆడిట్ అభ్యంతరాలెన్ని. పాత కార్యదర్శి మీద నేరం మోపినట్టు రాయకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ కాగితం లేకపోతే రేపటి మీ పనికి ఎక్కడ మొదలైందో తెలియదు. వెళ్లేటప్పుడు కూడా అలాంటిదే ఒకటి ఇచ్చి వెళ్లండి.

మెమో వస్తే గడువులోపే జవాబివ్వండి. నాలుగు పేరాల ఆవేదన వద్దు. అడిగిన అంకె, దాని కింది అంకె, తేడాకు కారణం, ఏ తేదీకి సరిచేస్తారు, ఏం కావాలి. ఒక పేజీ చాలు, జతగా రిజిస్టరు నకలు. జవాబు ఇవ్వని మెమో మీరు ఒప్పుకున్న తప్పుగా ఫైల్లో ఉండిపోతుంది.

చివరిగా, వార్షిక రహస్య నివేదిక అన్నది ఇప్పుడు మీకు రహస్యం కాదు. దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది: ప్రభుత్వోద్యోగి గురించి నివేదికలో రాసిన ప్రతి వ్యాఖ్యా, మంచిదైనా చెడ్డదైనా మామూలుదైనా, తగిన సమయంలో ఆ ఉద్యోగికి తెలపాలి. 'బాగుంది' అన్న వ్యాఖ్య కూడా పదోన్నతికి 'చాలా బాగుంది' అవసరమైన చోట నష్టం చేయగలదు కదా అన్నది ఆ కేసులో అసలు వివాదం. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును సమర్థించింది. మన మండలాల్లో ఎంతమందికి వాళ్ల వ్యాఖ్యలు తెలిపారో మీరే ఒకసారి ఆలోచించండి. పదోన్నతి జాబితా వచ్చాక పరుగెత్తడం వల్ల ఉపయోగం తక్కువ. నివేదిక పూర్తయిన ఏడాదే మీ వ్యాఖ్యల నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తక్కువ వేశారనిపిస్తే ఏడాది పొడవునా మీరు రాసుకున్న లెక్కల పుస్తకం జతచేసి అభ్యంతరం తెలపండి.